లూసీ రీ కష్టాలు రాశారు, గ్లేజ్ సంగతి వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో లూసీ రీ మీద వ్యాసం వేశారు. సిరామిక్ పని చేసిన మనిషికి తెలుగు పత్రికలో పూర్తి పేజీ దక్కడం నేను ఇన్నాళ్లలో చూడలేదు. అందుకు ముందుగా థాంక్స్. మా ఆవిడ కూడా చదివింది. చదివి, "పాపం, ఎన్ని కష్టాలు పడిందో" అంది. సరే, ఆవిడ చేసిన గిన్నెలు ఎలా ఉంటాయో, వాటి గొప్పేమిటో చెప్పమన్నాను. పేజీ మళ్లీ తిరగేసి, "అదేం రాయలేదుగా" అంది. నిజమే. నాజీలు ఆస్ట్రియాని కలిపేసుకోవడం, ఇల్లూ ఊరూ వదిలి లండన్ చేరడం, భర్త అమెరికా వెళ్లిపోవడం, బొత్తాలు చేసి పొట్ట పోసుకోవడం, చివర్లో బిరుదులు, వేలంలో ధరలు, అన్నీ ఉన్నాయి. అరవై ఏళ్లకు పైగా ఆవిడ ఏ పని చేశారో ఆ పని మాత్రం లేదు.

నేను శానిటరీవేర్ ఫ్యాక్టరీలో గ్లేజింగ్ సెక్షన్, అంటే సరుకు మీద గాజు పూత వేసే సెక్షన్, సూపర్‌వైజర్‌గా రిటైరైనవాణ్ణి. సూటిగా చెప్పాలంటే కమోడ్లు, వాష్ బేసిన్లు. నవ్వొస్తే నవ్వండి. కానీ లూసీ రీ గిన్నెకీ మా కమోడ్‌కీ దగ్గరి చుట్టరికం ఉంది. మీ వ్యాసకర్త వదిలేసింది సరిగ్గా దాన్నే.

ముందు రెండు సవరణలు. ఆవిణ్ణి ఇంగ్లండ్ సిరామిక్ కళాకారుడు బెర్నార్డ్ లీచ్ శిష్యురాలని రాశారు. కాదు. ఆవిడ 1902లో వియన్నాలో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టరు. 1922లో అక్కడి కళల పాఠశాలలో చేరి మైకేల్ పోవోల్నీ దగ్గర సిరామిక్స్ నేర్చుకున్నారు. 1938లో లండన్ వచ్చేనాటికి వయసు ముప్పై ఆరు. అప్పటికే 1935లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో బంగారు పతకం, 1937లో పారిస్‌లో వెండి పతకం వచ్చి ఉన్నాయి. లీచ్ జపాన్‌లో పని నేర్చుకుని వచ్చినవారు. పాత చైనా, జపాన్ పాత్రలే కొలబద్దగా పెట్టుకున్న మనిషి. బరువైన, మందమైన పాత్రలంటే ఆయనకి గురి. ఇంగ్లండ్‌లో ఈ రంగానికి ఆయన మాటే వేదంగా ఉన్న రోజులవి. ఆయనకి లూసీ రీ పాత్రలు మరీ పల్చగా అనిపించాయి. ఆవిడ కూడా కొంతకాలం ఆయన చెప్పినట్టు మందంగా చేసి చూశారు, కుదరలేదు, వదిలేశారు. ఇద్దరి స్నేహం మాత్రం చివరిదాకా నిలిచింది. లీచ్ ఆవిడకి స్నేహితుడు, పేచీ పెట్టిన పెద్దమనిషి. గురువు మాత్రం కాదు.

రెండోది ఫొటో కింద రాసిన "మట్టి కుండ" అన్న మాట. ఫొటోలో ఉన్నది స్టోన్‌వేర్ గిన్నె, 1250 డిగ్రీల ప్రాంతంలో కాలినది. తక్కువ వేడిలో కాలిన మట్టి పాత్ర నీళ్లు పీలుస్తుంది. ఇది దాదాపు పీల్చదు. పేజీలో పై ఫొటోకి "ఆయిల్ ఆన్ కాన్వాస్" అని పద్ధతిగా రాసి, కింద దీనికి వచ్చేసరికి ఏదో ఒకటి రాసేయడం బాగోలేదు.

ఇక అసలు విషయం. స్టూడియోల్లో పాత్రలు చేసేవాళ్లు మామూలుగా రెండుసార్లు కాలుస్తారు. ఆరిన పచ్చి సరుకును మొదట వెయ్యి డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే బిస్క్ అవుతుంది. అప్పుడది గట్టిపడుతుంది, నీళ్లు పీలుస్తుంది, కానీ మళ్లీ బురద కాదు. దాని మీద గ్లేజ్ ఎంత ధైర్యంగానైనా వేసుకోవచ్చు, బకెట్‌లో ముంచి తీయొచ్చు కూడా. గ్లేజ్ అంటే నిజానికి గాజే. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, సున్నపురాయి, చైనా క్లే మెత్తగా నూరి నీళ్లలో కలిపితే గ్లేజ్. రెండోసారి కాల్చినప్పుడు అది కరిగి పాత్ర మీద గాజు పొరగా కూర్చుంటుంది.

లూసీ రీ ఈ మొదటి మెట్టు ఎక్కేవారే కాదు. పచ్చి గిన్నె మీదే గ్లేజ్ వేసి ఒకేసారి కాల్చేవారు. మా ఫ్యాక్టరీలో మేం చేసేదీ అదే. అచ్చుల్లో పోసిన బేసిన్ ఆరాక పచ్చి మీదే గ్లేజ్ కొట్టి, టన్నెల్ కిల్న్‌లోకి, అంటే సొరంగంలాంటి బట్టీలోకి, ఒక్కసారే పంపేవాళ్లం. కరెంటు, గ్యాసు, సమయం కలిసొస్తాయి. కానీ ఆ పని ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. పచ్చి సరుకు తడి తగలగానే పీల్చుకుని ఉబ్బుతుంది. ఒక పక్క తడిసి ఉబ్బి, రెండో పక్క పొడిగా ఉంటే చీలిక వస్తుంది. అంచు నాని మెత్తబడి వాలిపోతుంది. మా బేసిన్ల గోడ దాదాపు పది మిల్లీమీటర్ల మందం ఉండేది. స్ప్రే గన్‌తో పల్చగా పూత మీద పూత కొట్టేవాళ్లం. అయినా వర్షాకాలం వచ్చిందంటే ఏదో ఒక బ్యాచ్ చీలి చేతికొచ్చేది.

ఆవిడ గిన్నెలు మా బేసిన్ మందంలో ఎన్నో వంతు! పైగా స్ప్రే గన్ లేదు. పచ్చి గిన్నెను సారె మీద నడిమధ్యన నిలిపి, సారె తిప్పుతూ, చిక్కటి గ్లేజ్‌ను కుంచెతో పూసేవారు. లోపల, బయట, అంచుకి. కుంచె నొక్కు కాస్త ఎక్కువైతే అంచు విరుగుతుంది, తక్కువైతే పూత అందదు. ఒకే చోట రెండు క్షణాలు ఆగితే అక్కడ నాని కూలుతుంది. కుంచెతో పూసినందువల్లే ఆ గ్లేజ్ ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉండి, కాలాక ఆ తేడా రంగులో కనిపిస్తుంది. ఈ పని ఆవిడ ఎనభై ఏళ్ల వయసులో కూడా చేశారు. 1982లో బీబీసీ వాళ్లు డేవిడ్ అటెన్‌బరోతో ఆవిడ మీద ఒక కార్యక్రమం తీశారు. పైనుంచి తెరిచే ఎలక్ట్రిక్ కిల్న్‌లోకి చిన్నపాటి మనిషి అంత కిందికి వంగి అడుగు వరస పాత్రలు తీస్తుంటే చూస్తున్న నాకు భయమేసింది. మా సెక్షన్‌లో అయితే అలా వంగనిచ్చేవాణ్ణి కాను.

ఇప్పుడు పిన్‌హోల్స్ సంగతి. ఒక్కసారే కాల్చినప్పుడు మట్టిలోని కార్బన్ పూర్తిగా కాలిపోకముందే పైన గ్లేజ్ కరిగి మూసుకుపోతే, లోపలి గ్యాస్ బుడగై పైకొచ్చి పగులుతుంది. సూది మొనంత గుంట మిగులుతుంది. ఇన్‌స్పెక్షన్ దగ్గర లైటు కింద అలాంటిది ఒక్కటి కనిపించినా పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి సెకండ్స్‌లోకి, అంటే రెండో రకం సరుకులోకి, తోసేవాళ్లం. నా ఉద్యోగమంతా ఆ గుంటల మీద యుద్ధమే.

లూసీ రీ చేసిన కొన్ని పాత్రల మీద ఆ గుంటలు తప్ప ఇంకేమీ ఉండవు. ఒళ్లంతా చిన్నా పెద్దా బొరియలతో, చల్లారిన లావాలా. సిలికాన్ కార్బైడ్ కలిపి రప్పించారు వాటిని. గ్రైండింగ్ వీల్‌లో ఉండేది అదే పదార్థం. గ్లేజ్‌లోనో దాని కింది పొరలోనో కొద్దిగా చేరిస్తే వేడికి గ్యాస్ పుడుతుంది, బుడగలు లేస్తాయి, పగులుతాయి. గ్లేజ్ పల్చగా పారేదైతే గుంటలు పూడిపోతాయి. బిగువుగా ఉంటేనే నిలుస్తాయి. లోపాన్ని కళగా మార్చారని ఎవరైనా రాస్తే మాత్రం నేను ఒప్పుకోను. లోపమంటే మనం కోరనిది రావడం. ఆవిడ కోరుకున్నారు, వచ్చింది. పూత ఎంత మందంగా పడితే ఎంత గుంట వస్తుందో లెక్క తెలిసి పూశారు. నాకు రాకుండా ఆపడం వచ్చు. ఆవిడకి ఆపడమూ వచ్చు, రప్పించడమూ వచ్చు.

ఇంకొక రకం గిన్నెలున్నాయి, నాకు వీటిమీదే ఎక్కువ మక్కువ. మాంగనీస్‌తో చేసిన ముదురు గోధుమ రంగు పూత పూసి, సూదితో గీతలు గీస్తారు. అడుగు నుంచి అంచు దాకా, సన్నటి గీత పక్కన గీత, స్కేలు లేదు, చుట్టూ తిరిగొచ్చేదాకా. గీసిన చోట పూత లేచిపోయి కింది తెలుపు బయటపడుతుంది. కొన్నిటిలో ఇది తిరగేసి, తెల్లటి మట్టిలో గీతలు కోసి వాటిలో రంగు నింపారు. దగ్గరగా తీసిన ఫొటో చూస్తే గీతలన్నీ ఒకేలా ఉండవు. ఒకటి కాస్త వంగుతుంది, ఒకటి మధ్యలో తెగి మళ్లీ మొదలవుతుంది. పచ్చి గోడ మీద సూది కొంచెం లోతుకి దిగితే ఆ గీత వెంటే గిన్నె చీలుతుంది. అంత పల్చటి దాని మీద అన్ని గీతలు గీసి, బిస్క్ కూడా లేకుండా కిల్న్‌లో పెట్టడమంటే గుండె ధైర్యం కావాలి. 1948లో ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీ మ్యూజియంలో కంచు యుగం నాటి పాత్రలు, వాటి మీద గీతలు గీయడానికి వాడిన పక్షి ఎముకలు చూశాక ఈ దారి పట్టారంటారు. పాత సామాను మీద చూపు ఆవిడకి చిన్నప్పుడే అబ్బింది. మేనమామ సాండర్ వోల్ఫ్ ఆస్ట్రియాలోని ఐజెన్‌స్టాట్‌లో తవ్వకాల్లో దొరికిన రోమన్ పాత్రలు సేకరించేవారు. సెలవుల్లో వాటి మధ్య తిరిగిన పిల్ల.

అంచున బంగారంలా మెరిసే పూత కూడా మాంగనీస్‌దే, రాగితో కలిపినది. వేడికి అది అంచు నుంచి కిందికి కారుతుంది, ఎంతదాకా కారాలో అంతదాకా. ఈ ఉత్తరం చూసి ఎవరైనా కుర్రవాళ్లు ప్రయత్నిస్తారేమో, ఒక మాట: కాలేటప్పుడు వచ్చే మాంగనీస్ పొగ ఆరోగ్యానికి చేటు. కిల్న్ ఉన్న గదిలో కూర్చోకండి.

బొత్తాల గురించి మీ వ్యాసకర్త రాసింది చదివి నాకు కాస్త కోపం వచ్చింది. "అంతటి కళాకారిణి బొత్తాలు చేసుకోవాల్సి వచ్చింది" అట. వచ్చింది, నిజమే. లండన్‌లో మొదట్లో సాటి శరణార్థి నడిపిన బిమినీ అనే వర్క్‌షాపుకి చేశారు. యుద్ధకాలంలో ఆప్టికల్ పరికరాల ఫ్యాక్టరీలోనూ పని చేశారు. యుద్ధం అయ్యాక హైడ్ పార్క్ దగ్గర ఆల్బియన్ మ్యూస్‌లోని తన స్టూడియోలో మళ్లీ బొత్తాల పని పెట్టి, మనుషుల్ని పెట్టుకుని, ప్లాస్టర్ అచ్చుల్లో నొక్కించి ఫ్యాషన్ హౌస్‌లకు సప్లై చేశారు. ఇందులో పాపం అనాల్సిందేముంది? కుట్టేవాళ్లకి ఆ గుడ్డ రంగుకు కలిసే బొత్తం కావాలి. గ్లేజ్‌లో రంగు కలపడం పెయింట్ కలపడం కాదు. కోబాల్ట్ ఆక్సైడ్ చూడటానికి నల్లగా ఉంటుంది, కాలాక నీలం. రాగి ఆక్సైడ్ కూడా నలుపే, ఎలక్ట్రిక్ కిల్న్‌లో కాలితే ఆకుపచ్చ. పూసేటప్పుడు కనిపించేది ఒకటి, తెరిచాక వచ్చేది ఒకటి. మాకు కలర్ సెట్లు చేసే రోజుల్లో లేత గులాబీ బేసిన్ ఒక ఛాయ, దాని సిస్టర్న్ (ఫ్లష్ ట్యాంకు) ఒక ఛాయ వచ్చిందంటే డీలరు మొత్తం లాట్ తిప్పి పంపేవాడు. అంత పెద్ద ల్యాబ్ పెట్టుకుని మాకే అలా ఉంటే, గుడ్డ ముక్క ముందు పెట్టుకుని రంగు తర్వాత రంగు కలిపిన ఆవిడకి ఎంత చదువు అయి ఉంటుందో ఊహించుకోండి. తర్వాత వచ్చిన ఆ గులాబీలు, పసుపులు, ఆ నీలాలు ఊరికే ఊడిపడలేదు. ఆవిడ గ్లేజ్ నోటుపుస్తకాలు ఇంగ్లండ్‌లో ఫార్నమ్‌లోని క్రాఫ్ట్స్ స్టడీ సెంటర్‌లో భద్రంగా ఉన్నాయి. వ్యాసం రాసేవాళ్లకి నిజమైన సరుకు అక్కడుంది.

బొత్తాల కోసమే 1946లో హాన్స్ కోపర్ పనిలో చేరారు. జర్మనీ నుంచి వచ్చిన శరణార్థి, 1920లో పుట్టినవారు, శిల్పి కావాలన్న కోరికే గానీ మట్టి ముట్టి ఎరగరు. వీళ్లిద్దరి మధ్య ఏముండి ఉంటుందా అని మీ వ్యాసకర్త ఒక పేరా అంతా ఖర్చు పెట్టారు. మనకెందుకండీ? రాయాల్సింది ఇంకోటుంది. ఆయన త్వరలోనే సారె పట్టారు. ఇద్దరూ కలిసి కాఫీ కప్పులు, సాసర్లు, సలాడ్ గిన్నెలు చేశారు. బయట ముదురు గోధుమ, లోపల తెలుపు. అడుగున ఇద్దరి ముద్రలూ పక్కపక్కనే వేశారు. పనిలో చేరిన కుర్రాడి ముద్రను తన ముద్ర పక్కన వేయించిన యజమానురాలు ఆవిడ. నేను పని చేసిన చోట పాతికేళ్ల సర్వీసున్నవాడి పేరు కూడా ఎక్కడా ఉండేది కాదు. లీచ్ దారి వదిలి నీ దారిన పల్చగానే చెయ్యి అని పట్టుబట్టింది కూడా కోపరే. 1958లో ఆయన వేరే చోటికి మారి సొంతంగా చేసుకున్నారు. 1981లో ఆవిడకన్నా ముందే పోయారు.

1960ల్లో వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లండ్ పింగాణీ కంపెనీ కోసం ఆవిడ కప్పుల డిజైన్లు చేశారు. నమూనాల దగ్గరే ఆగిపోయాయి, ఉత్పత్తికి ఎక్కలేదు. ఫ్యాక్టరీ మనిషిగా నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అదే కాలంలో కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పారు. బిరుదుల గురించి మీరు రాసింది చాలు.

జపాన్ ముచ్చట మాత్రం వ్యాసంలో లేకపోవడం లోటు. బట్టల డిజైనర్ ఇస్సే మియాకే 1984లో ఆవిడ పని గురించి తెలుసుకుని వెళ్లి కలిశారు. ఆయన పూనుకోవడం వల్లే 1989లో టోక్యోలో, ఒసాకాలో ఆవిడ ప్రదర్శన జరిగింది. ప్రదర్శన అమరిక రూపొందించింది ఆర్కిటెక్ట్ తడావో ఆండో. పాత్రల చుట్టూ నీళ్లు పరిచారు. ఆవిడ మిగిలి ఉన్న పాత బొత్తాలు మియాకేకి ఇచ్చేశారు, ఆయన వాటిని తన బట్టలకి కుట్టించారు. మీ వ్యాసకర్త జాలిపడ్డ బొత్తాలే అవి. పాత చైనా, జపాన్ పాత్రల్ని కొలబద్దగా పెట్టి లీచ్ పల్చన అన్న గిన్నెలకి జపాన్‌లో ఆ మర్యాద దక్కింది.

1990లో పక్షవాతం వచ్చి పని ఆగిపోయింది. 1995 ఏప్రిల్ 1న పోయారు. స్టూడియోని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తిరిగి అమర్చారు. వియన్నా ఇంటికి ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ ప్లిష్కే డిజైన్ చేసిన ఫర్నిచర్ 1938లో ఆవిడతో పాటు లండన్ వచ్చింది. అది ఇప్పుడు మళ్లీ వియన్నాలో, అక్కడి ఫర్నిచర్ మ్యూజియంలో ఉంది.

ఈ వరసలో వచ్చేది హాన్స్ కోపర్ మీద అని ప్రకటించారు. దానికి నాదొక విన్నపం. ఫొటో కింద ఎత్తు ఎంతో సెంటీమీటర్లలో వేయండి. మొన్నటి గిన్నె అరచేతిలో పట్టేదో, రెండు చేతులతో ఎత్తాల్సిందో ఎవరికీ తెలియలేదు. స్టోన్‌వేరా పోర్స్‌లీనా (తెల్లటి పింగాణీ), ఏ ఏడాదిదో కూడా రాయండి. వీలైతే అడుగు ఫొటో ఒకటి వేయండి. అడుగున గ్లేజ్ ఉండదు, ఉంటే కిల్న్ పలకకి అతుక్కుపోతుంది. అందుకే మట్టి అసలు రంగు, చేసినవాళ్ల ముద్ర, చెక్కిన తీరు అక్కడే కనిపిస్తాయి. లూసీ రీ గిన్నెలైతే పైన అంత వెడల్పుగా విచ్చుకుని కింద చిన్న పాదం మీద నిలబడతాయి. అంత వేడిలో మట్టి మెత్తబడుతున్నా అంచు ఎందుకు వాలిపోలేదో పాదం చూస్తే సగం తెలుస్తుంది. కోపర్ అయితే విడివిడి ముక్కలు సారె మీద తీసి ఒకదానికొకటి అతికేవారు. ఆ అతుకు దగ్గర ఏం జరుగుతుందో వ్యాసకర్తని నాలుగు వాక్యాలైనా రాయమనండి. ప్రేమ సంగతి తగ్గించినా ఫర్వాలేదు.

రాసేటప్పుడు పని మాటల్లో అనుమానాలొస్తే నాకు ఫోన్ చేయమని చెప్పండి. నంబరు కవరు వెనక రాశాను. మధ్యాహ్నం నిద్ర అలవాటు లేదు, ఎప్పుడైనా చేయవచ్చు. పేరు మాత్రం ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ గ్లేజింగ్ సూపర్‌వైజర్